ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు

మార్చి 4, మంగళవారం

మా ఇంటి మెయిళ్ళన్నీ నడిపే సర్వరు డిస్కు నిండిపోయింది. చెప్పుల స్టాండు పక్కన ఉండే ఆ చిన్న పెట్టె పొద్దున్నుంచీ ఎర్రలైటు వెలిగించుకుని కూర్చుంది. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు చూశాను. వచ్చాక కూడా వెలుగుతూనే ఉంది కాబట్టి ఇక తప్పక దాని ముందు కూర్చున్నాను.

నిండింది మా ఆవిడ డబ్బా. ‘అమ్మ’ అనే పేరుతో ఉన్న మెయిలు చిరునామా. మా పిల్ల చిన్నప్పుడు పెట్టిన పేరది, తను దాన్నే అన్ని దుకాణాలకీ ఇచ్చేది. తను పోయాక ఈ రెండు నెలల్లో దాన్ని ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు. బతికుండగానే తన ఉత్తరాలు నేను చదివేవాణ్ణి కాదు, ఇప్పుడు చదవడం ఏం మర్యాద. పైపైన చూస్తే కనిపించిందంతా చెత్తే. పరుపుల మీద తగ్గింపు, కళ్ళద్దాల ఫ్రేములు, ‘ప్రియమైన అమ్మ గారికి’ అని మొదలుపెట్టే లాటరీ.

ఉన్నవాటిని తుడిచెయ్యకుండా ఒక పాత డిస్కులోకి తోసేశాను. ఆ చిరునామాని ఆపేశాను. ఒక్క లైను పని. ఇకమీదట దానికి ఎవరు రాసినా ఉత్తరం వెంటనే తిరిగి వాళ్ళకే వెళ్ళిపోతుంది.

తిరిగి వెళ్ళేటప్పుడు దానికో మాట తగిలించొచ్చు. యంత్రంలో ముందే ఉన్న ఇంగ్లీషు మాట బారెడుంది, చదివినవాడికి ఏమీ అర్థం కాదు. అది తీసేసి తెలుగులో పెట్టాను. ‘ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు. మళ్ళీ రాయకండి.’ చెత్త పంపేవాళ్ళు ఎలాగూ చదవరు. అయినా ‘ఎవరూ’కి దీర్ఘం పెట్టానో లేదో రెండుసార్లు చూసుకున్నాను. ప్రూఫులు దిద్దే మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేస్తే అంటుకునే జబ్బు ఇది.

ఎర్రలైటు ఆరిపోయింది.

మార్చి 5, బుధవారం

ఏమీ లేదు.

మార్చి 7, శుక్రవారం

ఆఫీసులో లెక్కలావిడ తన బల్ల దగ్గర్నుంచి కేకేసింది. మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మెయిళ్ళు చూసేది నేనొక్కణ్ణే. ఎవరికి చెత్త వచ్చినా, అది నేనే పంపినట్టు నన్నే తిడతారు.

“మీ ఇంటికి కూడా ఇంత చెత్త వస్తుందా?” అంది.

“ఇంతకి పదింతలు వస్తుంది. మాది క్యాచ్-ఆల్.”

“అంటే ఏంటి?”

“మా ఇంటి అడ్రసు ముందు ఏ పేరు పెట్టి రాసినా మాకే చేరుతుంది. తప్పు పేరు రాసినా, లేని పేరు రాసినా, బూతు రాసినా సరే.”

“నా పేరు పెట్టి రాస్తేనో?”

“అదీ మా ఇంటికే.”

“మంచి ఇల్లే. మా అత్తగారి పేరు పెట్టి పంపేస్తాను, అక్కడే ఉంచేసుకోండి.”

అది నవ్వాల్సిన చోటని తెలిసింది. నవ్వాను.

“మరి అదంతా మూసేసి, కావలసిన రెండు మూడు పేర్లే ఉంచుకోవచ్చుగా?” అంది.

ఉంచుకోవచ్చు. చాలా ఏళ్ళ కిందట నేనూ ఆ మాటే అన్నాను. తను ఒప్పుకోలేదు. “ఉండనివ్వండి, నాకు కావాలి,” అంది. ఎందుకో అడగలేదు. అలాంటివన్నీ పడే ఉమ్మడి డబ్బాని తను పోయేదాకా తనే చూసుకునేది. తను వద్దందని అప్పుడు ఉంచాను, ఇప్పుడు మాత్రం మూసెయ్యడం ఎందుకు. ఏ పేరుకి చెత్త వస్తే ఆ పేరొక్కటే ఆపుకుంటూ పోతాను. చేతికి పని ఉంటుంది.

అట్టలంటించే గోందు వాసన ఇవాళ నాతోపాటు ఇంటిదాకా వచ్చింది.

మార్చి 9, ఆదివారం

హాస్టలుకి ఫోన్ చేశాను. పిల్ల ఎత్తలేదు. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. చదువుకుంటూ ఉండి ఉంటుంది.

మార్చి 11, మంగళవారం

కొత్త రకం చెత్త మొదలైంది. ఉత్తరంలో ఏమీ ఉండదు. విషయం రాసే గడిలో కూడా ఏమీ ఉండదు. పంపినవాళ్ళ చిరునామా మన ఇంటిదే, ముందు ఏవో రెండు అక్షరాలు. మన ఇంటి పేరే తగిలించుకుని మనకే రాయడం వీళ్ళ పాత ఎత్తు. ముందు ఖాళీది పంపి చూస్తారు. తిరిగి రాలేదంటే ఆ తలుపు తెరిచే ఉందని గుర్తు, ఇక వరస కడతారు. అందుకని ఖాళీవాటినే ముందు ఆపాలి.

ఎవరికన్న చోట పేరు అడ్డదిడ్డంగా ఉంటోంది. ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని, ఎక్కడా ఖాళీ లేకుండా. చదవక్కర్లేదు. కాపీ చేసి ఆపే జాబితాలో అతికిస్తే చాలు. ఒకటి ఆపాను.

మార్చి 12, బుధవారం

ఇంకొకటి వచ్చింది. ఆపాను.

పిల్ల ఫోన్ ఎత్తలేదు. పరీక్షలు.

మార్చి 13, గురువారం

వాన. గొడుగు ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను. తడిసి వచ్చి తల తుడుచుకున్నాను, బట్టలు మార్చుకున్నాను, టీ పెట్టుకున్నాను. రెండు కప్పుల నీళ్ళు పోశాను. రెండూ నేనే తాగాను.

ఒకసారి ఇలాగే మరిచిపోతే, ఆఫీసులో ఉండగా నాకో ఉత్తరం వచ్చింది. తెరిస్తే ఏమీ లేదు. అటూ ఇటూ వెతికి చివరికి పైన చూస్తే, ఎవరికన్న చోట ‘గొడుగుమరిచారు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి విసుక్కున్నాను.

“విషయం రాయడానికి వేరే గడి ఉండగా ఇదేం పద్ధతి?”

“చేరిందా లేదా?” అంది.

“చేరింది.”

“మరింకేం.”

ఆ తరవాత నేనూ సరదాపడి ఒకసారి ‘వస్తున్నాను’ అని పంపాను. ఇల్లు చేరేసరికి తనూ పిల్లా గుమ్మంలోనే కాచుక్కూర్చున్నారు. “దీర్ఘమేదీ?” అంది తను. “వస్తున్ననట. రెండు ‘ఎ’లు కొట్టడానికి చేతులు పడిపోయాయా?” ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా దీర్ఘాలు కావాలి ఆవిడకి. పిల్ల పడీ పడీ నవ్వింది. తరవాత వారం రోజులు నేనేం మాట్లాడినా ‘దీర్ఘమేదీ నాన్నా’ అని నా ప్రాణం తీసింది. నాకు ఉడుకుమోతుతనం ఎక్కువ, మళ్ళీ పంపలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాశానో తెలియదు. వాన వల్ల అయ్యుంటుంది.

ఖాళీది ఇంకొకటి వచ్చింది. చిన్నదే. ఆపాను.

మార్చి 16, ఆదివారం

ప్రెస్సు ఆయన వచ్చాడు. తను దిద్దుతూ వదిలేసిన ప్రూఫులు కావాలట, పుస్తకం ఆగిపోయిందట. రెండు నెలలు అడగడానికి మొహమాటపడ్డానని ఐదారుసార్లు చెప్పాడు. కిటికీ పక్క బల్ల మీద ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, తీసిచ్చాను. ఇచ్చేముందు తిరగేశాను. ఒక పేజీ మధ్యలో ఎర్రసిరా ఆగిపోయింది. ఆ తరవాత పేజీలన్నీ తప్పులతో అలాగే ఉన్నాయి.

“మీరెలా ఉన్నారు సార్?” అన్నాడు గుమ్మం దగ్గర.

“బాగానే ఉన్నాను.”

నిజంగానే బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను. నిద్ర పడుతోంది. ఆఫీసులో ఎవరితోనూ గొడవ లేదు. ఏడుపు కూడా రావడం లేదు. ఆ రోజు కూడా రాలేదు. పిల్ల నా వైపు ఎన్నోసార్లు చూసింది, ఏడుస్తానేమోనని. ఆసుపత్రి కాయితాల మీద సంతకాలు పెడుతూ ఉండిపోయాను. ఎవరో ఒకరు పెట్టాలి కదా.

ఎర్రపెన్ను మాత్రం ఆయనకి ఇవ్వలేదు.

మార్చి 18, మంగళవారం

ఇవాళ ఒక్కటే. ఖాళీదే. పేరు మాత్రం పొడుగు. చదవలేదు. ఆపేశాను.

మార్చి 20, గురువారం

పిల్ల ఫోన్ ఎత్తలేదు. హాస్టలు వార్డెనుకి చేస్తే, “బాగానే ఉందండీ, ఇప్పుడే భోజనానికి వెళ్ళింది,” అంది. బాగానే ఉంది. పరీక్షలు.

మార్చి 22, శనివారం

నాలుగు రోజులుగా ఖాళీది ఒక్కటి కూడా రాలేదు. విసిగిపోయి ఇంకో ఇల్లు చూసుకుని ఉంటారు. ఈ రెండు నెలల్లో నేను మొదలుపెట్టి పూర్తిచేసిన పని ఇదొక్కటే. డబ్బాలో నీటి బిల్లు తప్ప ఏమీ లేదు. ఇల్లు ఊడ్చినట్టుంది.

మార్చి 23, ఆదివారం

పొద్దున బావమరిది వచ్చాడు. బేకరీ వ్యాను నడుపుతాడు, వస్తే వాడికన్నా ముందు రొట్టె వాసన లోపలికొస్తుంది. ఎప్పుడూ వచ్చీరాగానే వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలు తీసి చూసే మనిషి, ఇవాళ కుర్చీ అంచున కూర్చున్నాడు.

“పిల్ల సెలవులకి మా ఇంటికొస్తానంది బావా.”

“రానీ. రెండ్రోజులుండి వస్తుంది.”

“సెలవులన్నీ మా ఇంట్లోనేనట. ఆ తరవాత కూడా ఇక్కడికి రానంటోంది.”

“ఎందుకట?”

“నన్నడుగుతావేంటి. రావద్దంది నువ్వేగా.”

“నేనా? ఎప్పుడన్నాను?”

“నోటితో అనలేదులే. రాసి పంపావు.”

వీడికి మతిపోయిందనుకున్నాను. వాడు ఫోను తీసి, పిల్ల పంపిన ఫోటోలు వెతికి నా చేతిలో పెట్టాడు. కళ్ళజోడు కోసం లేవబోయాను. కళ్ళకే ఉంది.

‘ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు. మళ్ళీ రాయకండి.’

నేను రాసిన వాక్యమే. దీర్ఘం సరిగ్గానే ఉంది. పైన, ఎవరికన్న చోట, ‘అమ్మ’ అని ఉంది.

“అక్క పోయినప్పట్నుంచీ అది రోజూ అక్క మెయిలుకి రాస్తూనే ఉందట,” అన్నాడు వాడు. “ఏం తిన్నదో, ఎవరితో పోట్లాడిందో, అన్నీ. చదివేవాళ్ళు లేరని దానికి తెలీదా బావా. తెలుసు. పోతోంది కదా, ఎక్కడో చేరుతోంది కదా అని రాసుకుంటోంది. మొన్నొక రోజు ఇది తిరిగొచ్చింది.”

నేను చెత్త గురించి చెప్పాను. డిస్కు నిండిందని చెప్పాను. ఎర్రలైటు సంగతి కూడా చెప్పాను. వాడు అడ్డు రాకుండా విన్నాడు.

“సరే, అది తెలీక ఆపావు. మరి తరవాతవి?”

“తరవాతవేంటి?”

వాడు ఫోను మీద వేలితో పక్కకి తోశాడు. మళ్ళీ అదే వాక్యం. ఇంకోసారి తోశాడు. మళ్ళీ అదే. పైన పేర్లు మాత్రం వేరు వేరు.

“అక్కా అదీ ఆడుకునే ఆట బావా ఇది. నీకు తెలీదా? ఉత్తరంలో ఏమీ రాయరు. పేరులోనే అంతా. ఏ పేరుకైనా మీ ఇంటికి చేరుతుంది కదా. పిల్ల ‘తిన్నావా’ అన్న పేరుకి పంపుతుంది. అక్క ‘తిన్నాను’ అన్న పేరుతో దీనికి తిరిగి పంపుతుంది. క్లాసులో కూర్చుని ఇదే పని. పంపేచోట రెండక్షరాలు పెట్టుకోవడం కూడా వాళ్ళిద్దరి గుర్తే. ఇవన్నీ నీకు పంపినవే.”

“ఫోన్లో అడగొచ్చుగా. నేను చేస్తే ఎత్తదు.”

“ఎత్తితే నువ్వేమంటావు? బాగానే ఉన్నాను, పెట్టేస్తున్నాను. అంతేగా. నాతోనూ అంతేగా నువ్వు.”

ఫోను వాడి చేతికి తిరిగిచ్చేశాను.

వాడు చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు వాడికి అంత తొందరగా రావు, అందుకని విడదీసుకుంటూ నెమ్మదిగా చదివాడు. మొదటిది ‘అమ్మనెందుకుఆపావు’. దానికి జవాబు, ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు, మళ్ళీ రాయకండి. రెండోది ‘తలుపుతియ్యి’. ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు. మూడోది ‘తిన్నావా’. ఎవరూ లేరు.

నేను ఒక్కొక్కటీ ఆపిన కొద్దిసేపటికే, పోయిందో లేదోనని అది రెండోసారి పంపేదట. ఆ రెండోసారి ఈ వాక్యం వచ్చేది. ప్రతిసారీ వచ్చింది. నా పని ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది.

“ఆఖరిది నువ్వే చదువుకో,” అన్నాడు.

‘నాన్నానువ్వైనాఉన్నావా.’

దాని కింద నా వాక్యం.

వాడు వెళ్ళేటప్పుడు రొట్టె బల్ల మీద పెట్టి, “తిను బావా,” అన్నాడు. వ్యాను వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, దేనికి తిప్పానో గుర్తురాక మళ్ళీ కట్టేశాను. భయం వేసింది. ఇన్నాళ్ళకి మొదటిసారి ఏదో ఒకటి అనిపించింది, అది భయం. తను పోయినప్పుడు నా చేతిలో ఏమీ లేదు. ఇది నా చేత్తో చేసింది. పిల్ల కూడా పోతే ఈ ఇంట్లో ఆ వాక్యం నిజమవుతుంది.

పద్దెనిమిదో తారీఖున చదవలేదని రాశాను. మొదటి అక్షరాలు చదివాను. ‘నాన్న’ వరకు చదివాను. నాన్నతో మొదలయ్యే చెత్త కూడా ఉంటుందిలే అనుకుని కాపీ చేశాను.

మార్చి 24, సోమవారం

ఆఫీసుకి సెలవు పెట్టాను. లెక్కలావిడ ఫోన్లో, “ఒంట్లో బాలేదా?” అంది. “బాలేదు,” అన్నాను. ఆ మాట అనడం తేలిగ్గానే ఉంది.

ఆపే జాబితా మొత్తం తీసేశాను. ‘అమ్మ’ని కూడా. తెలుగు వాక్యం తుడిచేసి ఆ బారెడు ఇంగ్లీషే తిరిగి పెట్టాను, అది ఎవరికీ అర్థం కాకపోవడమే మేలు. పాత డిస్కులో ఉన్న తన ఉత్తరాలు తిరిగి తన డబ్బాలో పెట్టాను. వాటి మధ్య పిల్ల రాసినవి ఉంటాయి. తెరవలేదు. అవి నాకు రాసినవి కావు.

తరవాత పిల్లకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పరీక్షల వల్ల కాదు.

ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. తెలియక జరిగిందని, యంత్రమని, డిస్కు అని నాలుగు లైన్లు రాశాను. చదివితే ఫ్యాక్టరీలో అందరికీ పంపే నోటీసులా ఉంది. అంతా తీసేశాను. విషయం గడిలో రాసింది కూడా తీసేశాను. పంపేవాళ్ళ పేరు దగ్గర, కీబోర్డు వైపు చూసుకుంటూ ఒక్కో అక్షరం కొట్టాను. ‘ఉన్నాను.’ ఇంకేమీ రాయలేదు. చూడకుండా పంపేశాను.

మార్చి 25, మంగళవారం

తలుపు తెరిచిన సంగతి చెత్తవాళ్ళకి ఎవరు చెబుతారో గాని, తెల్లారేసరికి వరస కట్టారు. పరుపులు, కళ్ళద్దాలు, లాటరీ. తనకి తగ్గింపు ధరలో మోకాళ్ళ నూనె కూడా వచ్చింది. దేన్నీ ఆపలేదు. ఒక్కొక్క పేరూ పైకి చదివాను, మధ్యలో మన మాట ఏదైనా ఉందేమోనని. ఆఫీసులో కూడా పైకి చదివాను. లెక్కలావిడ వింతగా చూసింది.

పిల్ల దగ్గర్నుంచి ఏమీ లేదు.

మార్చి 26, బుధవారం

ఏమీ లేదు.

అది నా ఉత్తరాన్ని ఆపేసి ఉంటే నాకు ఏ వాక్యం తిరిగొస్తుందా అని చూస్తున్నాను. అదీ రాలేదు.

మార్చి 27, గురువారం

పొద్దున చెప్పులు వేసుకుంటూ పెట్టె వైపు చూసి, ఫోన్లో డబ్బా తెరిచాను. చెత్త మధ్యలో ఒక ఖాళీ ఉత్తరం ఉంది. గోడకి ఆనుకుని, అక్షరం అక్షరం విడదీసుకుంటూ చదివాను.

‘దీర్ఘమేదీనాన్నా.’

తిరిగి నేను పంపినది తీసి చూశాను. నిజమే. ‘ఎ’ ఒక్కటే కొట్టాను. ఉన్ననట.

చెప్పులతోనే నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది. తను పోయినరోజు రావలసింది కూడా ఇప్పుడే వచ్చింది, ఆపుకోలేదు. ఆఫీసుకి ఎప్పుడో ఆలస్యమైపోయింది. కళ్ళజోడు తుడుచుకుని కంప్యూటరు ముందుకి జరిగాను.

రెండో ‘ఎ’ పెట్టి మళ్ళీ పంపాను.